ఐర్లండ్‌లో సెనేటర్‌కి మన గోడు చెప్పుకుంటే పని జరుగుతుందా?

గుడివాడ_గిరి
మేం మీత్ కౌంటీలో ఒక చిన్న ఊళ్లో ఉంటాం. మా ఆవిడ కేర్ అసిస్టెంట్. ఊరికి ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్న నర్సింగ్ హోమ్‌లో పని. డ్యూటీ రాత్రి 8కి అయిపోతుంది, ఆఖరి బస్సు 8:35కి. స్టాప్ దగ్గర బోర్డు మీద ఐదు నిమిషాలు అని చూపిస్తుంది, తర్వాత వచ్చేసింది అంటుంది, ఆ తర్వాత ఆ లైనే మాయమైపోతుంది. బస్సు మాత్రం రాదు. ఇక్కడివాళ్లు దీన్ని ఘోస్ట్ బస్ అంటారు. పోయిన నవంబర్‌లో ఆరు సార్లు జరిగింది. ఫుట్‌పాత్ లేని రోడ్డు, దీపాలు లేవు, పైన వాన. నాకు కారు ఉంది గానీ వారంలో మూడు రోజులు నాదీ లేట్ షిఫ్టే, బాబుని పక్కింట్లో వదిలి వెళ్తాను. ఆమె ఒక్కతే ఆ చీకట్లో నడిచి వస్తోందని తెలిస్తే నాకు ఇక్కడ చెయ్యి ఆడదు.

బస్సు వాళ్లకి మూడు కంప్లైంట్లు పెట్టాను. మూడింటికీ ఒకటే జవాబు, అక్షరం కూడా మారలేదు. మా ఆవిడతో పనిచేసే ఒక పెద్దావిడ "సెనేటర్‌కి రాయండి, ఆయన మన వైపు సంగతులు సభలో మాట్లాడుతుంటాడు" అంది. మాకు ఇక్కడ పౌరసత్వం లేదు. ఆయనకి మేం ఓటు వెయ్యలేదు, వెయ్యలేం. అలాంటప్పుడు మా మెయిల్ చదువుతాడా? చదివినా సెనేటర్ అనే మనిషికి ఇక్కడ ఏమైనా పవర్ ఉందా? ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి.

కార్క్‌లో_కాకినాడ
టీడీ, అంటే ఇక్కడి ఎంపీ దగ్గరికి వెళ్లు అన్నా. వాళ్లు వారం వారం క్లినిక్ పెడతారు. అసలు బలం డాల్‌లో, అంటే దిగువ సభలో ఉంది, సెనేట్‌లో కాదు.

అత్తిలి_అమ్మాయి
క్లినిక్ అంటే ఒంట్లో బాగోలేనప్పుడు వెళ్లేది కాదని ఒక మాట రాయండి కాకినాడ గారూ. మా అత్తగారు ఇక్కడికి వచ్చినప్పుడు పోస్టర్ చూసి "ఈయన ఏం డాక్టరమ్మా, శనివారం ఒక గంటే చూస్తాడా" అని అడిగారు :)

కార్క్‌లో_కాకినాడ
హహ. నిజమే. ప్రజల్ని కలిసి సమస్యలు వినే కూర్చోడాన్నే ఇక్కడ క్లినిక్ అంటారు. కౌన్సిలర్లు కూడా పెడతారు, కొంతమంది సెనేటర్లు కూడా.

పాత_కాపు_డబ్లిన్
నేను ఇక్కడికి వచ్చి 19 ఏళ్లు. మధ్యలో పౌరసత్వం తీసుకున్నాను. ఒక పార్టీకి ఇంటింటికీ తిరిగి కరపత్రాలు పంచాను కాబట్టి లోపలి సంగతి కొంత చూశాను. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

సెనేట్‌ని ఇక్కడ షనద్ అంటారు. మొత్తం 60 మంది. అందులో 11 మందిని ప్రధాని, అంటే టీషక్, నామినేట్ చేస్తాడు. 6 సీట్లు యూనివర్సిటీ పట్టభద్రులవి. మిగిలిన 43 మంది ఐదు ప్యానెళ్ల నుంచి వస్తారు: వ్యవసాయం, కార్మిక, పరిశ్రమలు వాణిజ్యం, సంస్కృతి విద్య, పరిపాలన. ఈ 43 మందిని ఎన్నుకునేది మామూలు జనం కాదు. కొత్త డాల్ సభ్యులు, దిగిపోతున్న సెనేటర్లు, దేశంలోని కౌన్సిలర్లందరూ. కౌన్సిలర్లే 949 మంది. అంటే ఓట్లలో ముప్పాతిక భాగం పైన వాళ్లవే.

గిరి గారూ, మీ ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. సెనేటర్ కావాలంటే దేశమంతా కారు వేసుకుని తిరగాలి. కెర్రీలో ఒక కౌన్సిలర్ వంటింట్లో కూర్చుని టీ తాగాలి, మర్నాడు డానెగాల్‌లో ఇంకో కౌన్సిలర్ ఇంట్లో తాగాలి. ఆ కౌన్సిలర్ అడిగేది విదేశాంగ విధానం గురించి కాదు. మా ఊరి బైపాస్ ఏమైంది, మా స్కూల్లో క్లాసురూమ్‌ల సంగతేంటి, మా బస్సు ఎందుకు రావట్లేదు అని. అందుకే అంత పెద్ద జాతీయ సభలో రోజూ ఊళ్ల సంగతులు వినపడతాయి. సెనేటర్‌కి నియోజకవర్గం లేదంటారు గానీ, చాలామంది వచ్చేసారి డాల్‌కి పోటీ చేద్దామని ఒక ప్రాంతాన్ని పట్టుకునే ఉంటారు. మీ పెద్దావిడ చెప్పింది అలాంటి మనిషి గురించే అయ్యుంటుంది.

గుడివాడ_గిరి
అవును కాపు గారూ, ఆయన ముందు మా కౌంటీ కౌన్సిలరేనట. ఇంతకీ సభలో మాట్లాడితే ఏమవుతుంది? మాట్లాడి కూర్చుంటే సరిపోతుందా?

పాత_కాపు_డబ్లిన్
రెండు దారులు ఉన్నాయి. మొదటిది ఆర్డర్ ఆఫ్ బిజినెస్. సభ మొదలయ్యాక ఎవరైనా లేచి కొద్ది నిమిషాలు తమకి తోచిన విషయం ఎత్తొచ్చు. మనవాళ్ల జీరో అవర్ లాంటిది. దానికి సభా నాయకుడు ఏదో ఒకటి చెబుతాడు, అంతే. రెండోది కమెన్స్‌మెంట్ మ్యాటర్. ఇది గట్టిది. సెనేటర్ ముందుగా విషయం రాసి ఇస్తాడు. సభాపతి కహీర్లాఖ్ అందులోంచి కొన్నిటిని ఎంచుతాడు. అప్పుడు ప్రభుత్వం తరఫున ఒక మంత్రి సభకి వచ్చి, శాఖ రాసిచ్చిన జవాబు చదివి తీరాలి. టీడీలు మంత్రులకి రాతపూర్వక ప్రశ్నలు వెయ్యొచ్చు, ఆ హక్కు సెనేటర్లకి లేదు. కాబట్టి వాళ్లకి ఇదే ఆయుధం. మాట్లాడిన ప్రతి మాటా రికార్డులోకి వెళ్తుంది. ఓరఖ్తస్, అంటే ఇక్కడి పార్లమెంటు వెబ్‌సైట్‌లో ఎవరు, ఏ రోజు, ఏం అన్నారో వెతుక్కోవచ్చు.

సూటిగా_సుబ్బు
కాపు గారంటే గౌరవమే గానీ ఇది మరీ తియ్యగా చెబుతున్నారు. సెనేట్ ఒక బిల్లుని 90 రోజులు ఆపగలదు, అంతే. డబ్బు బిల్లు అయితే 21 రోజులు. ప్రభుత్వాన్ని దించలేదు. 2013 అక్టోబర్‌లో దీన్ని ఎత్తేద్దామా అని రిఫరెండం పెడితే ఓటేసినవాళ్లలో 48.3 శాతం ఎత్తేయమన్నారు. దాదాపు సగం మంది దండగ అనుకున్న సభ అది. జనం ఓటేసి పంపని మనుషులు జనం గురించి మాట్లాడటం నాకు మింగుడు పడదు. గిరి అన్న భార్య చీకట్లో నడుస్తుంటే ఈయన మైకు ముందు నాలుగు మాటలు మాట్లాడి ఫేస్‌బుక్‌లో వీడియో పెట్టుకుంటాడు.

పాత_కాపు_డబ్లిన్
51.7 శాతం ఉంచమన్నారు సుబ్బూ. అప్పటి ప్రధాని ఎండా కెన్నీయే స్వయంగా ఎత్తేయమని అడిగాడు, ఖర్చు తగ్గుతుందన్నాడు, అయినా జనం వద్దన్నారు. సభని బాగు చెయ్యండి గానీ తీసెయ్యొద్దు అని చాలామంది అన్న మాట నాకు గుర్తుంది.

ఏలూరు_ఎంకి
ఈ కథ మనకి కొత్తేం కాదు. మన శాసనమండలి 1958లో వచ్చింది, 1985లో ఎన్టీఆర్ రద్దు చేయించారు, 2007లో వైఎస్ మళ్లీ తెచ్చారు. 2020 జనవరిలో జగన్ ప్రభుత్వం రద్దు తీర్మానం పెట్టింది, 2021 నవంబర్‌లో అదే ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. ప్రతిసారీ సంగతి ఒకటే. అడ్డుపడితే అనవసరం అంటారు, అవసరం పడితే ఉండాలంటారు.

గ్రూప్స్_గీత
ఐర్లండ్‌లోనూ అంతే అక్కా. 1922లో వచ్చిన మొదటి సెనేట్‌ని 1936లో అప్పటి ప్రభుత్వాధినేత డి వలేరా రద్దు చేశాడు, తన బిల్లుల్ని ఆలస్యం చేస్తోందని. మళ్లీ 1937 రాజ్యాంగంలో ఆయనే కొత్త సెనేట్ పెట్టాడు. ఆ రాజ్యాంగం నుంచే మనవాళ్లు ఆదేశిక సూత్రాలు తీసుకున్నారు. రాజ్యసభకి 12 మందిని రాష్ట్రపతి నామినేట్ చేసే పద్ధతి కూడా అక్కడి నుంచే. గ్రూప్స్‌కి చదివిన ప్రతివాడూ ఇది బట్టీ పట్టి ఉంటాడు, ఇక్కడికొచ్చి ఆ సభ కళ్లారా చూస్తాననుకోలేదు నేను.

కార్క్‌లో_కాకినాడ
డాల్ అంటే కందిపప్పు గుర్తుకొచ్చేది మొదట్లో. గీత గారూ, అది కూడా రాజ్యాంగం నుంచి తీసుకున్నారా :)

గ్రూప్స్_గీత
అది మనమే వాళ్లకి ఇచ్చాం, లిమెరిక్‌లో మా కొలీగ్స్ అందరూ ఇప్పుడు పప్పుచారు అడుగుతున్నారు.

వరంగల్_వాణి
సుబ్బు గారు అన్నదానికి నా కథ చెప్తా. మా ఆయనది జనరల్ ఎంప్లాయ్‌మెంట్ పర్మిట్. నేను ఎంఫార్మసీ చేసి ఇక్కడికొచ్చి రెండేళ్లు స్టాంప్ 3 అనే నివాస అనుమతి మీద ఇంట్లో కూర్చున్నా. పని చెయ్యడానికి హక్కు లేదు. పక్క ఫ్లాట్‌లో అమ్మాయి భర్తది క్రిటికల్ స్కిల్స్ పర్మిట్, వాళ్లకి 2019 నుంచే పని చేసుకునే వీలుంది. ఒకే బిల్డింగ్, ఒకే దేశం నుంచి వచ్చాం, ఆమె పొద్దున్నే బ్యాగ్ వేసుకుని పోతుంటే నేను కిటికీలోంచి చూసేదాన్ని. ఏడ్చిన రోజులున్నాయి.

అప్పుడు మాలాంటి ఆడవాళ్లం కొంతమందిమి కలిసి కనిపించిన ప్రతి టీడీకి, సెనేటర్‌కి ఉత్తరం రాశాం. అందరూ జవాబు ఇవ్వలేదు. ఇచ్చినవాళ్లలో ఎక్కువమంది సెనేటర్లే, ఎందుకో గానీ. ఒకావిడ ఫోన్ చేసి అరగంట విన్నది, నా చదువు గురించి అడిగింది. 2024 మే నెలలో రూలు మారింది, మాకు పని చేసుకోనిచ్చే స్టాంప్ 1జీ ఇచ్చారు. మా ఉత్తరాల వల్లే మారిందని నేను అనను. ఎన్నో సంఘాలు ఏళ్ల తరబడి కొట్లాడాయి. కానీ పౌరసత్వం లేదని ఆవిడ ఫోన్ పెట్టేయలేదు. ఆ ఒక్క సంగతి గిరి అన్నకి చెప్పాలనిపించింది.

సూటిగా_సుబ్బు
వాణి గారూ, మీ కష్టాన్ని తక్కువ చెయ్యను. నా బాధ వేరే. ఆ ఆరు యూనివర్సిటీ సీట్లు చూడండి. మూడు ట్రినిటీ వాళ్లవి, మూడు నేషనల్ యూనివర్సిటీ వాళ్లవి. మిగతా కాలేజీల్లో చదివినవాళ్లకి ఓటు లేదు. 1979లోనే దీన్ని విస్తరించమని జనం రాజ్యాంగ సవరణకి ఓటేశారు. 2023లో సుప్రీంకోర్టు చెప్పేదాకా నలభై ఏళ్లు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. జనం చెప్పిన మాటనే నలభై ఏళ్లు పక్కన పెట్టిన వ్యవస్థ ఒక బస్సు గురించి పట్టించుకుంటుందా?

పాత_కాపు_డబ్లిన్
ఇది మాత్రం నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను. సిగ్గుపడాల్సిన విషయం. ఇప్పుడు కొత్త చట్టం వచ్చింది, వచ్చే ఎన్నికకి ఆ ఆరు సీట్లూ ఒకే ఉన్నత విద్యా నియోజకవర్గం అవుతాయి, మిగతా సంస్థల పట్టభద్రులు కూడా ఓటేస్తారు. కానీ ఆ ఇరుకు సీట్ల నుంచే ఎలాంటివాళ్లు వచ్చారో కూడా చూడు. మేరీ రాబిన్సన్ 25 ఏళ్ల వయసులో, 1969లో ట్రినిటీ నుంచి సెనేటర్ అయ్యింది. గర్భనిరోధక సాధనాల మీద నిషేధం తియ్యమని బిల్లు పెడితే మొదటి మెట్టు కూడా ఎక్కనివ్వలేదు. దాని గురించి నోరెత్తేవాళ్లే తక్కువ ఉన్న రోజులవి. 1979లో చట్టం కొంత సడలింది, 1985లో ఇంకాస్త. 1990లో ఆమే దేశానికి అధ్యక్షురాలైంది. డేవిడ్ నోరిస్ అదే ట్రినిటీ సీటు నుంచి 1987లో వచ్చి 2024 దాకా ఉన్నాడు. స్వలింగ సంబంధాలని నేరంగా చూసే చట్టం మీద యూరోపియన్ మానవ హక్కుల కోర్టులో 1988లో గెలిచాడు, 1993లో ఆ చట్టం పోయింది. ఓట్ల లెక్కలో ఓడినా మాట రికార్డులో ఉంటుంది, ఇంకొకడు దాన్ని పట్టుకుని ముందుకెళ్తాడు.

సూటిగా_సుబ్బు
అవన్నీ పెద్ద విషయాలు. చరిత్ర పుస్తకంలోకి ఎక్కేవి. గిరి అన్నది 8:35 బస్సు.

నర్సన్న_నల్గొండ
సుబ్బన్నా, బస్సు చిన్న విషయమా? నేను డబ్లిన్‌లో క్లీనింగ్ షిఫ్టు చేసినప్పుడు నాకు ప్రపంచంలో అన్నిటికంటే పెద్దది ఆఖరి బస్సే.

సూటిగా_సుబ్బు
చిన్నది అనలేదు నర్సన్నా. సరే, మాట సరిగ్గా పెట్టలేదు. ఆ బస్సు కోసమే నాకు కోపం.

లిఫీ_ఒడ్డున
నేను చదువుతూ ఉన్నా ఇప్పటిదాకా. అందరూ ఒక సంగతి వదిలేశారు. గిరి గారు "మేం ఓటు వెయ్యలేం" అన్నారు. సెనేటర్‌కి వెయ్యలేరు, డాల్‌కీ వెయ్యలేరు, నిజం. కానీ కౌన్సిల్ ఎన్నికల్లో వెయ్యొచ్చు! ఇక్కడ నివాసం ఉండే 18 ఏళ్లు దాటిన ఎవరైనా సరే, ఏ దేశం పాస్‌పోర్టు ఉన్నా సరే, స్థానిక ఎన్నికల్లో ఓటేయొచ్చు, పోటీ కూడా చెయ్యొచ్చు. 2024 జూన్ 7న నేను నా స్టాంప్ 1 మీదే ఓటేశాను. జాబితాలో పేరుండాలి, అంతే. పీపీఎస్ నంబర్ (ఇక్కడ ప్రతి ఒక్కరికీ ఇచ్చే గుర్తింపు నంబర్), పుట్టిన తేదీ, ఎయిర్‌కోడ్ (ఇంటి పోస్టల్ కోడ్) ఉంటే ఆన్‌లైన్‌లో పది నిమిషాల పని.

ఇప్పుడు కాపు గారు పైన చెప్పింది మళ్లీ చదవండి. సెనేటర్ని ఎన్నుకునేది కౌన్సిలర్. ఆ కౌన్సిలర్ని ఎన్నుకునేవాళ్లలో మనం ఉన్నాం. దారం సన్నగా ఉండొచ్చు గానీ ఉంది.

గుడివాడ_గిరి
ఇది నాకు నిజంగా తెలీదు. ఏడేళ్లయింది ఇక్కడికొచ్చి! ఎవరూ చెప్పలేదు.

ఏలూరు_ఎంకి
నాకూ తెలీదు, ఐదేళ్లయింది. మా వీధిలో ఉన్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపులో అడిగితే ఇరవై మూడు ఇళ్లలో ఇద్దరికే పేరుంది. దీపావళికి హాలు బుక్ చెయ్యాలంటే మూడొందల మెసేజీలు వస్తాయి, ఈ మాట మాత్రం ఎవరూ అనుకోలేదు. రేపే అందరితో నింపిస్తాను.

అత్తిలి_అమ్మాయి
కౌన్సిలర్‌గా నిలబడొచ్చని మర్చిపోకండి. 2024లో కేరళ నుంచి వచ్చిన బేబీ పెరెప్పాడన్ అనే ఆయన సౌత్ డబ్లిన్ కౌంటీకి మేయర్ అయ్యాడు. మలయాళీలు నర్సులుగా వచ్చి ఇక్కడి పేటల్లో ఎంతగా కలిసిపోయారో దానికి ఫలితం అది. మనవాళ్లు ఐటీ ఆఫీసు, ఇల్లు, ఇండియన్ షాపు, అక్కడితో ఆగిపోతున్నారని నాకు అనిపిస్తుంది.

నర్సన్న_నల్గొండ
2025 ఆగస్టు గుర్తుందా? డబ్లిన్ శివారు టాలాలో మనవాడి మీద దాడి జరిగాక మన ఎంబసీ ఆగస్టు 1న జాగ్రత్తగా ఉండమని సూచన ఇచ్చింది. ఫార్మ్‌లీలో జరగాల్సిన ఇండియా డే వాయిదా వేశారు. అప్పటి అధ్యక్షుడు మైకేల్ డి హిగ్గిన్స్ ఆ దాడుల్ని ఖండిస్తూ ప్రకటన ఇచ్చాడు. ఆ నెలంతా నేను రాత్రి పూట బయటికి పోలేదు. గిరి అన్నా, మీ మెయిల్‌లో ఈ సంగతి కూడా రాయండి. ఇప్పుడు బస్సు రాకపోతే తడుస్తామనే భయం ఒక్కటే కాదు.

గుడివాడ_గిరి
నర్సన్నా, ఆ మాట ఇంట్లో మేం పైకి అనుకోం. కానీ ఇద్దరికీ తెలుసు. ఆమె నడుస్తూ ఫోన్‌లో నాతో మాట్లాడుతూనే ఉంటుంది, ఇల్లు చేరేదాకా పెట్టెయ్యదు. రాస్తాను.

పాత_కాపు_డబ్లిన్
రాసేటప్పుడు కొన్ని పాటించండి. పేజీ దాటొద్దు. కోపం వద్దు, తేదీలు కావాలి. ఏ రోజు, ఏ టైముకి, ఏ స్టాపు, బోర్డు ఏం చూపించింది. ఒక్కరి కథగా కాకుండా ఆ షిఫ్టులో ఆ బస్సు మీద ఆధారపడ్డవాళ్లు ఎంతమందో రాయండి. సెనేటర్‌కి పంపేటప్పుడే మీ ప్రాంతం కౌన్సిలర్‌కి కూడా కాపీ పెట్టండి. కౌన్సిలర్ పేరు చూస్తే సెనేటర్ ఆ మెయిల్ వదిలెయ్యడు, ఎందుకో పైన చెప్పాను కదా. అడ్రస్‌లన్నీ ఓరఖ్తస్ వెబ్‌సైట్‌లో, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఉంటాయి.

వరంగల్_వాణి
ఫోటోలు కూడా అన్నా. బోర్డు మీద బస్సు చూపిస్తున్నప్పుడు ఒకటి, మాయమయ్యాక ఒకటి.

గుడివాడ_గిరి
రెండు వారాల తర్వాత రాస్తున్నా. మెయిల్ పంపిన మూడో రోజు సెనేటర్ ఆఫీసు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. మొదటి ప్రశ్న పౌరసత్వం గురించి ఉంటుందేమోనని మా ఆవిడ టెన్షన్ పడింది. ఆయన అడిగిన మొదటి ప్రశ్న "నిన్న రాత్రి బస్సు వచ్చిందా" అని. తర్వాత నెల రోజుల లెక్క ఉంటే పంపమన్నాడు. మా ఆవిడ, ఆమెతో పనిచేసే నలుగురు కలిసి ఒక నోట్‌బుక్ పెట్టారు: ఇద్దరు మలయాళీలు, ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి, మాకు సలహా ఇచ్చిన ఐరిష్ పెద్దావిడ. రోజూ రాస్తున్నారు. ఆ పెద్దావిడకి కారు ఉంది, బస్సు అవసరమే లేదు. అయినా డ్యూటీ అయ్యాక స్టాపు దాకా వచ్చి నిలబడి టైము రాసి, ఆ తర్వాత ఇంటికి వెళ్తోంది.

అత్తిలి_అమ్మాయి
ఆ పెద్దావిడకి నా తరఫున పూతరేకులు ఇవ్వండి. ఆత్రేయపురం నుంచి వచ్చే వారం మావాళ్లు తెస్తున్నారు, నిజంగా పంపిస్తాను.

కార్క్‌లో_కాకినాడ
నేను కూడా నా మొదటి మాట సవరించుకుంటున్నా. టీడీకి కూడా రాయండి అంటాను, బదులు అనను. మిడిల్టన్‌లో 2023 అక్టోబర్ వరద వచ్చినప్పుడు మా ఫ్రెండ్ ఇంట్లోకి నడుము లోతు నీళ్లొచ్చాయి. వరద రక్షణ పనులు ఎప్పుడు చేస్తారని కౌన్సిలర్, టీడీ, సెనేటర్, ఎవరు కనిపిస్తే వాళ్లని అడిగాడు. ఒకరు మర్చిపోతే ఇంకొకరు గుర్తు చెయ్యాలి అంటాడు.

గుడివాడ_గిరి
మళ్లీ అప్‌డేట్. విషయం కమెన్స్‌మెంట్ మ్యాటర్‌గా ఎంచుకున్నారు. ఆ పొద్దున మా ఆవిడ సెలవు పెట్టింది, ఇద్దరం లైవ్ చూశాం. సభ చిన్నది, సీలింగ్ చాలా అందంగా ఉంది. ఆయన లేచి మా ఊరి పేరు చెప్పాడు. తర్వాత "రాత్రి మన పెద్దవాళ్లకి అన్నం తినిపించి, మందులిచ్చి, పడుకోబెట్టి వచ్చే మనుషులు చీకటి రోడ్డు మీద నడవాల్సి వస్తోంది" అన్నాడు. మా ఆవిడ ఏమీ మాట్లాడలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

జవాబు చెప్పడానికి వచ్చింది రవాణా మంత్రి కాదు. వేరే శాఖ సహాయ మంత్రి ఒకరు వచ్చి కాగితం చదివారు. బస్సుల రోజువారీ నిర్వహణలో మంత్రి జోక్యం ఉండదని, సంబంధిత సంస్థకి తెలియజేస్తామని. సెనేటర్ మళ్లీ లేచి, ఈ లెక్కలు ఆ సంస్థకి చేరాయో లేదో నాకు రాతపూర్వకంగా చెప్పండి అని అడిగాడు. సరేనన్నారు.

సూటిగా_సుబ్బు
నేను చెప్పింది ఇదే. సంబంధం లేని మంత్రి, సంబంధం లేదనే జవాబు. చాలామంది సెనేటర్లే దీని మీద మళ్లీ మళ్లీ సభలో మొరపెట్టుకుంటారు. గిరి అన్నా, మిమ్మల్ని నిరుత్సాహపరచడానికి కాదు. ఆ రాతపూర్వక జవాబు వచ్చేదాకా వదలొద్దు. రెండు వారాలకొకసారి అడగండి. కావాలంటే ఆ మెయిల్ నేను రాసిపెడతాను, ఇలాంటివి నాకు బాగా వచ్చు.

గుడివాడ_గిరి
తప్పకుండా సుబ్బు గారూ. మీకు ప్రైవేట్ మెసేజ్ పెడుతున్నా.

గ్రూప్స్_గీత
గిరి అన్నా, సీలింగ్ గురించి అన్నారు కదా. లెన్‌స్టర్ హౌస్ 1740ల్లో ఒక ప్రభువు కట్టించుకున్న భవనం. సెనేట్ కూర్చునేది అందులో ఒక హాలు. అది పాతబడి కుంగుతుంటే బాగు చెయ్యడానికి 2017 నుంచి 2019 దాకా సభని పక్కనే ఉన్న నేషనల్ మ్యూజియంలోకి మార్చారు, పింగాణీ వస్తువుల గదిలో సమావేశాలు పెట్టారు. లోపలికి వెళ్లి చూడొచ్చు. మీ సెనేటర్ని అడిగితే పాస్ ఏర్పాటు చేస్తారు, బాబుని తీసుకెళ్లండి.

ఏలూరు_ఎంకి
మా వీధి లెక్క: ఇరవై మూడు ఇళ్లలో పంతొమ్మిది ఇళ్లవాళ్లు ఓటు ఫారం నింపారు. ఒకాయన "మనకెందుకమ్మా రాజకీయాలు" అన్నాడు. మీ పాపకి స్కూల్లో సీటు దొరకలేదని నిన్నే కదా బాధపడ్డారు అన్నాను. సాయంత్రం ఆయనే ఫోన్ చేసి ఎయిర్‌కోడ్ ఎక్కడ రాయాలో అడిగాడు.

గుడివాడ_గిరి
ఫిబ్రవరి ఆఖరు. రాతపూర్వక జవాబు వచ్చింది, సుబ్బు గారి మూడో మెయిల్ తర్వాత. ఆ రూట్లో సాయంత్రం పూట డ్రైవర్ల కొరత ఉందని మొదటిసారి ఒప్పుకున్నారు. 8:35 బస్సు రద్దయితే ముందుగా బోర్డు మీద చూపిస్తామని రాశారు. ఈ నెలలో నోట్‌బుక్ ప్రకారం బస్సు రెండుసార్లే రాలేదు. అందులో ఒకసారి ముందే రద్దు అని చూపించింది, నలుగురూ కలిసి టాక్సీలో వచ్చారు. ఇంకోసారి ఏమీ చూపించలేదు.

రోడ్డు మీద దీపాలు కౌన్సిల్ పని. దానికి మా కౌన్సిలర్ వచ్చే నెల మీటింగ్‌లో ప్రతిపాదన పెడుతున్నాడు, మమ్మల్ని కూడా రమ్మన్నాడు. మా ఆవిడ ఆ రోజు డ్యూటీ మార్పించుకుంది. మొన్న కౌన్సిల్ నుంచి ఓటరు జాబితాలో పేరు చేరిందని ఉత్తరం వచ్చింది, ఇద్దరికీ. ఫ్రిజ్ మీద పెట్టాం.

అత్తిలి_అమ్మాయి
మీటింగ్ ఏ తారీకు? మేం నావన్ దగ్గరే ఉంటాం, మేమూ వచ్చి వెనక కూర్చుంటాం. పూతరేకులు అప్పుడే తెస్తాను, ఆ పెద్దావిడని కూడా రమ్మనండి.